నీళ్లు బంద్ చేసిన పక్కింటి పెద్దమ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో నీళ్లకు ఒక వేళంటూ ఉండేది గానీ మా అవ్వ అలసటకు మాత్రం వేళ ఉండేది కాదు. మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. బెల్లంపల్లిలో బొగ్గు గని పనివాళ్ల క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఒక గోడకు అటొక కాపురం, ఇటొక కాపురం అన్నట్టు వరసగా కట్టిన ఇళ్లు. ఇంటికి రెండే గదులు, అర్రలనేవాళ్లం, వెనక తడకల దొడ్డి, ఆ దొడ్డిలో ఒక నల్లా. పొద్దున కాసేపు నీళ్లొచ్చేవి, సాయంత్రం ఇంకాస్త తక్కువసేపు వచ్చేవి. ఆ కాసేపట్లోనే తాగడానికి, వండడానికి, తోమడానికి, అన్నిటికన్నా ముఖ్యంగా గని నుంచి మసితో వచ్చే మనిషి ఒళ్లు కడుక్కోవడానికి నింపి పెట్టుకోవాలి. మసి మనిషికి ఎన్ని నీళ్లు పోసినా చాలవు. మొదట పోసిన చెంబులన్నీ నల్లగానే కారిపోతాయి.

ఈ వయసులో ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందుగా ఆటలు గుర్తుకు రావు. అవ్వ నడుము మీద ఒక చెయ్యి వేసుకుని, ఇంకో చేత్తో గోడ పట్టుకుని నిలబడడం గుర్తొస్తుంది. అప్పుడు అవ్వకు నెలలు నిండుతున్నాయి. నా తర్వాత ఒక బిడ్డ కడుపులోనే పోయింది. అందుకని ఈసారి బరువులు ఎత్తొద్దని దవాఖానలో నర్సమ్మ గట్టిగానే చెప్పింది. మళ్లీ అట్లా అయితే బిడ్డకే కాదు, నీకూ కష్టమేనని కూడా చెప్పింది. అవ్వ సరేనని తలూపి వచ్చింది. తలూపడానికేం, ఊపవచ్చు. ఇంటికొచ్చాక ఆ బరువులు ఎవరెత్తాలో నర్సమ్మ చెప్పలేదు కదా.

సరిగ్గా అప్పుడే మా నల్లా పాడయింది. కారిపోయే నల్లా అయినా బాగుండేది, ఎన్నో కొన్ని నీళ్లు దొరికేవి. మాది లోపల మర అరిగిపోయి, తల ఎంత తిప్పినా ఊరికే తిరిగేది తప్ప చుక్క వదిలేది కాదు. వరసలో అందరి దొడ్లలోనూ బిందెలు నిండే చప్పుడు వినబడుతుంటే మా దొడ్డి మాత్రం పొడిగా ఉండేది. కొన్నాళ్లు ఇవతలి ఇంటివాళ్లు తమ నల్లా దగ్గర పట్టుకోనిచ్చారు. తర్వాత వాళ్లకే చాలక మొహం మాడ్చుకోవడం మొదలుపెట్టారు. వాళ్లను అని లాభం లేదు, వాళ్లింట్లోనూ గనికి వెళ్లే మనుషులున్నారు. ఇక అవ్వ బిందె చంకన పెట్టుకుని రోడ్డు అవతల ఉన్న బోరింగు దగ్గరికి నడవడం మొదలుపెట్టింది. నేను కూడా ఒక చిన్న బిందె పట్టుకుని వెంట నడిచేదాన్ని గానీ, నేను తెచ్చే నీళ్లలో సగం దారిలోనే నా లంగా తాగేసేది.

కొత్త నల్లా లేక కాదు. బాపు బజారు నుంచి మెరిసే ఇత్తడి నల్లా తెచ్చి గూట్లో పెట్టాడు. బిగించడం రాక కూడా కాదు. గనిలో ఊరే నీళ్లను బయటికి తోడే పంపుల దగ్గర బాపు పని, పైపులతోనే బతుకు. అడ్డం ఒక్కటే. నల్లా మార్చాలంటే ముందు నీళ్లు ఆపాలి, నీళ్లు ఆపే వాల్వు మా వరసకంతటికీ కలిపి ఒక్కటే ఉండేది. అది వరస మొదట్లో ఉన్న పక్కింటి పెద్దమ్మ దొడ్డిలో, పైన బండ కప్పిన చిన్న గుంతలో ఉండేది. ఆ ఇంటికీ మా ఇంటికీ మాటలు లేవు.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. అవ్వ ఆమెను అక్కా అనేది కాబట్టి నేను పెద్దమ్మ అనేదాన్ని. ఆమె మేక ఒకసారి తడక దూరి మా బీరతీగ మొత్తం మేసేసింది. బాపు రాయి విసిరాడు, మేక కాలు కుంటింది. పెద్దమ్మ భర్త వచ్చి నాలుగు మాటలన్నాడు, బాపు ఎనిమిది అన్నాడు. బాపుకు కోపం ముక్కు మీదే ఉండేది. మేక కాలు ఎప్పుడో బాగైపోయి మళ్లీ తడకలు దూరుతూనే ఉంది గానీ, మగవాళ్లిద్దరూ ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవాళ్లు. వాళ్లు మాట్లాడుకోరు కాబట్టి ఆడవాళ్లూ మాట్లాడుకోకూడదని ఎవరూ చెప్పకుండానే తీర్మానమైపోయింది. అంతకు ముందు అవ్వా పెద్దమ్మా తడకకు చెరోవైపు కూర్చుని పప్పులు ఏరుకుంటూ పొద్దుగూకే దాకా కబుర్లు చెప్పుకున్నవాళ్లు. ఆ తీగకు కాసే నాలుగు బీరకాయల కోసం అవ్వకు ఉన్న ఒక్క మనిషి దూరమైపోయింది.

నీళ్లు ఆపడానికి మా వరసలో ఒక పద్ధతి ఉండేది. పని ఉన్నవాళ్లు వచ్చి పెద్దమ్మతో చెప్పాలి. ఆమె అన్ని ఇళ్లకూ కేకవేసి, అందరూ కాసిని పట్టుకున్నాక వాల్వు కట్టేది. మళ్లీ ఇప్పాలంటే, పని చేసిన మనిషే స్వయంగా వచ్చి ఇప్పమనాలి. ఇంకెవరు చెప్పినా ఆమె ఇప్పేది కాదు. ఇది గని నుంచి వచ్చిన పద్ధతి. లోపల ఎవరైనా మిషన్ మీద చెయ్యి పెట్టినప్పుడు ఆ చెయ్యి పెట్టిన మనిషే వచ్చి చెప్పేదాకా స్విచ్చి వెయ్యకూడదు, లేకపోతే ప్రాణాలు పోతాయి. మగవాళ్లు ఆ మాట కింది నుంచి తెచ్చి ఇళ్లలో చెప్పుకుంటే, ఎన్నడూ గనిలో దిగని పెద్దమ్మ దాన్ని అందరికన్నా గట్టిగా పట్టుకుంది.

బాపుకు ఇదంతా తెలుసు. తెలిసి కూడా వెళ్లి అడగడానికి అడుగు పడలేదు. అవ్వ ఒకసారి నెమ్మదిగా, నేను పోయి అడగనా అంది. వద్దన్నాడు. అడగకుండా నీళ్లు ఆపే ఉపాయం తన దగ్గర ఉందన్నాడు. ఆ ఉపాయం ఏమిటంటే, నీళ్లు రాని వేళ చూసి నల్లా మార్చెయ్యడం. పైపులో నీళ్లే లేనప్పుడు వాల్వుతో పనేముందని బాపు లెక్క.

ఒక మధ్యాహ్నం పానా పట్టుకుని కూర్చుని పాత నల్లా ఊడదీశాడు. ఆ రోజు పొద్దున ఎందుకో నీళ్లు సరిగా రాలేదు. పొద్దున రానివి మధ్యాహ్నం వదలవచ్చని బాపుకు తట్టలేదు. కొత్త నల్లా మరకు దారం చుడుతుండగానే గోడలో గుర్రుమని శబ్దం వచ్చింది, వెంటనే పైపు నోట్లోంచి నీళ్లు బాపు మొహం మీదికి దూకాయి. ఇన్ని రోజులు చుక్క లేని దొడ్డి క్షణంలో నిండి, గడప దాటి నీళ్లు అర్రలోకి వచ్చేశాయి. బియ్యం సంచి తడిసింది, చాప తడిసింది, అవ్వ పాత చీరలు చింపి పుట్టబోయే బిడ్డ కోసం దాచిన మెత్తని గుడ్డలన్నీ తడిసిపోయాయి. బాపు ఒక అరచెయ్యి పైపుకు అడ్డం పెట్టి, ఇంకో చేత్తో అటూ ఇటూ తడుముకుంటూ, చివరికి ఆ పాత నల్లానే మళ్లీ ఎట్లాగో తోసి బిగించాడు. తల ప్రాణం తోకకు వచ్చింది. పదడుగుల దూరంలో వాల్వు ఉంది. ఒక్క కేక వేస్తే పెద్దమ్మ కట్టేసేదే. అంత నీటిలో తడుస్తూ కూడా బాపు ఆ కేక వెయ్యలేదు. తర్వాత ఆ నీళ్లన్నీ చేటతో ఎత్తి బయట పోసింది అవ్వే, వంగలేక వంగలేక.

నాకు ఇప్పటికీ ఆ పూట మీద కోపమే. బాపు చెడ్డమనిషి కాదు. అవ్వను ఒక్క మాట అనేవాడు కాదు, జీతం రోజు మా కోసం మిఠాయి తెచ్చేవాడు. కానీ మంచితనం ఒకవైపు ఉండగానే పంతం దాని పని అది చేసుకుపోతుంది. కొత్త నల్లా మళ్లీ గూట్లోకి పోయింది, వచ్చే ఆదివారం చూద్దామన్నాడు. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. అవ్వ బోరింగుకు నడుస్తూనే ఉంది.

ఆ తర్వాత ఒక సాయంత్రం బోరింగు నుంచి వస్తూ వస్తూ అవ్వ రోడ్డు పక్కన ఆగిపోయింది. బిందె దించాలని చూసింది, దించలేకపోయింది. బిందెతో సహా అట్లాగే మట్టిలో కూర్చుండిపోయింది. నొప్పులేమోనని నాకు భయమేసి ఏడుపొచ్చింది. నొప్పులు కావు, ఉత్త అలసట. లేవడానికి ఒంట్లో ఏమీ మిగల్లేదు, అంతే. నేను తల ఎత్తి చూస్తే పెద్దమ్మ తన గుమ్మంలో నిలబడి ఉంది. మమ్మల్ని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమెను నేను ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు.

మర్నాడు పొద్దున నీళ్లు మామూలుగానే వచ్చాయి. అన్ని ఇళ్లలో బిందెలు మోగడం మొదలైంది. కాసేపటికే ఆ మోత ఒక్కసారిగా ఆగిపోయింది. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మగవాళ్లంతా ఒళ్లంతా మసితో, భుజాన తువ్వాలతో, కళ్లు మాత్రం తెల్లగా, తానానికి తయారుగా ఉన్నారు. పైపు ఎక్కడ పగిలిందోనని ఒక్కొక్కరే బయటికి వచ్చారు. బాపు కూడా వచ్చాడు. పైపు పగల్లేదు. పెద్దమ్మ తన దొడ్డిలో గుంత మీది బండపై కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని తీరిగ్గా పెసర్లు ఏరుకుంటోంది. నేను అవ్వ వెనక నిలబడి తడక సందులోంచి చూశాను.

"గిదేం పరేషానే వదినె? షిఫ్టు దిగొచ్చినం, తానం చెయ్యొద్దా?" అన్నాడు వరసలో ఒక పెద్దమనిషి.

"చేస్తురు తియ్యి. ఎవ్వలింట్ల నల్లా ఖరాబైందో గాళ్లు మార్చుకునేదాక నేనీ బండ మీదికెళ్లి లేవ," అంది పెద్దమ్మ చేటలోంచి తల ఎత్తకుండానే. "గా పిల్ల నిండు కడుపుతోని గిన్ని దినాలు బిందెలు మోస్తే మీకెవ్వలికీ కనవడలే. గిప్పుడు మీ ఒంటి మీది మసి మాత్రం మంచిగ కనవడుతున్నదా?"

మగవాళ్లు ఒకరి మసి ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్లు మాత్రం సగం నిండిన బిందెలతో నిలబడి గొణిగారు, ఒకావిడ గట్టిగానే తిట్టింది. పెద్దమ్మ ఆ తిట్లు చెవిన వేసుకోలేదు. ఆమె భర్త కూడా అదే షిఫ్టు నుంచి వచ్చాడు, అదే మసితో ఉన్నాడు. నలుగురిలో పరువు తియ్యకు, లెమ్మని కసిరాడు. "నువ్వు గూడ గట్లనే నిలవడు. నీకొక్కనికి నేను నీళ్లేడికెళ్లి తేవాలె?" అందామె. ఆయన వెళ్లి మిగతావాళ్ల పక్కన నిలబడ్డాడు. ఎవరికో నవ్వొచ్చింది, ఆపుకున్నారు.

అప్పుడు అందరి కళ్లూ బాపు మీదికి తిరిగాయి. పెద్దమ్మ బాపు పేరెత్తలేదు, బాపు వైపు చూడను కూడా లేదు. అడగమని అనలేదు. అడగకముందే నీళ్లు ఆపి కూర్చుంది. ఇక బాపుకు సాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. తల దించుకుని ఇంట్లోకి వచ్చి గూట్లోంచి కొత్త నల్లా తీశాడు.

ఆ రోజు ఆ పని జరిగిన తీరు నాకు బాగా గుర్తుంది. పాత నల్లా ఊడదీయగానే పైపులో మిగిలిన నీళ్లు కాసిని కిందికి కారాయి, అవి అయిపోగానే అంతా ఊరుకుంది. ఉరుకులు లేవు, పరుగులు లేవు. బాపు మరలో పట్టిన తుప్పును గుడ్డతో తుడిచాడు. దారం నిదానంగా చుట్టాడు, నీళ్లు కారకుండా దానికి సఫేదా పూశాడు, చేత్తో తిప్పగలిగినంత తిప్పి తర్వాత పానా పట్టాడు. కిందటిసారి నీళ్లతో కుస్తీ పట్టిన మనిషేనా అనిపించింది. అవ్వ గోడకు ఆనుకుని చూస్తూ నిలబడింది, కూర్చోలేదు. అవ్వకు నమ్మకం కుదరలేదని ఇప్పుడనుకుంటాను.

బిగించడం అయిపోయిందని బయట తెలియగానే ఆ పెద్దమనిషి పెద్దమ్మతో, అయిపోయిందట వదినె, ఇగ ఇప్పు అన్నాడు. పెద్దమ్మ కదల్లేదు. "నువ్వు బిగిచ్చినవా? బిగిచ్చినోడు చెప్పాలె. గనిల నువ్వైతే ఎవ్వడో చెప్పిండని స్విచ్చి ఏస్తవా?" అంది. గని నుంచి మగవాళ్లు తెచ్చిన పద్ధతే అది. అందరూ మళ్లీ మా ఇంటి వైపు చూశారు.

బాపు పానా చేతిలోనే పట్టుకుని మా గుమ్మం దిగాడు. అంతదూరమేమీ లేదు, పదడుగులు. ఆ పదడుగులూ నడవడానికి చాలాసేపు పట్టింది. తడక దగ్గర ఆగాడు. మేక గొడవ తర్వాత ఆ దొడ్డి ముందు నిలబడడం అదే మొదలు. నేల చూస్తూ, "వదినె, ఇప్పు" అన్నాడు.

"మంచిగ బిగిచ్చినవా మర్దీ?"

"బిగిచ్చిన."

"అయితే పో, నల్లా కాడ నిలవడు. జరంత జరంత ఇప్పుతా. కారితె కేకెయ్యి," అని పెద్దమ్మ చేట పక్కన పెట్టి బండ మీది నుంచి లేచింది. ఏమీ జరగనట్టే, నిన్నటిదాకా మాట్లాడుకుంటున్నట్టే అంది. బాపు వెనక్కి వచ్చి నల్లా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. గోడలో నీళ్లు నెమ్మదిగా పాకుతూ వచ్చిన శబ్దం విన్నాం. మర దగ్గర చెయ్యి పెట్టి చూశాడు, తడి లేదు. తల తిప్పాడు, నీళ్లు వచ్చాయి. వరసంతా ఒక్కసారిగా బిందెల మోత.

కాసేపటికి పెద్దమ్మ మా దొడ్డిలోకి వచ్చింది. నల్లా చూడడానికి వచ్చానంది. అప్పటికే నల్లా కింద బిందె నిండుతోంది, అలవాటుగా అవ్వ దాన్ని ఎత్తడానికి వంగింది. పెద్దమ్మ అవ్వ మణికట్టు పట్టుకుని గడప మీద కూర్చోబెట్టింది. అవ్వ కూర్చుంది, కూర్చోగానే ఏడ్చింది. నడుము నొప్పికి ఏడవని మనిషి, బియ్యం తడిసినప్పుడు ఏడవని మనిషి, రోడ్డు మీద మట్టిలో కూర్చుని కూడా ఏడవని మనిషి ఇప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. "గిన్ని దినాలు నీకు నేను కనవడలేదా అక్కా?" అంది.

"కనవడ్డవే. దినాం కనవడ్డవు. మొగోళ్ల పంచాయితిల మనకెందుకని నేను గూడ ఊకున్న. నిన్న నువ్వు గా మట్టిల కూసుండిపోయినంక ఇగ ఓర్వలేకపోయిన," అంది పెద్దమ్మ. ఆమె కళ్లలోనూ నీళ్లున్నాయి. అవ్వను లోపలికి తీసుకెళ్లి చాప పరిచి పడుకోబెట్టింది.

బాపు ఈ మాటలన్నీ విన్నాడు, నల్లా దగ్గరే ఉన్నాడు కాబట్టి. వరసలో మగవాళ్లంతా తానాలు చేసి, తెల్లగా తేలి, తిని పడుకున్నారు. మా బాపు మాత్రం ఆ మసి ఒంటితోనే ఇంట్లో ఉన్న బిందెలు, గంగాళం, కుండలు అన్నీ నింపాడు. చప్పుడు కాకుండా ఒక్కొక్కటీ ఎత్తి లోపల పెట్టాడు. తన తానానికి వచ్చేసరికి నల్లా సన్నబడి ఆగిపోయింది. నింపిన నీళ్లలోంచి ఒక్క చెంబు కూడా ముట్టుకోకుండా, తువ్వాల భుజాన వేసుకుని, బకెట్టు పట్టుకుని తనే బోరింగు దగ్గరికి నడిచాడు. అవ్వ అప్పటికే నిద్రపోయింది. పగటిపూట అవ్వ నిద్రపోవడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఊపిరి ఆడుతోందో లేదోనని దగ్గరికి వెళ్లి చూసి వచ్చాను.

మా తమ్ముడు ఆ నెలలోనే క్షేమంగా పుట్టాడు. పెద్దమ్మే దగ్గరుండి అన్నీ చూసుకుంది. మగవాళ్లిద్దరూ మళ్లీ అన్నా తమ్మీ అనుకోవడానికి చాలాకాలం పట్టింది, మొదట్లో ఒట్టి తలూపుడే. దానికి తొందరేమీ లేకపోయింది, ఆడవాళ్లు మాత్రం వాళ్ల కోసం ఆగలేదు.

తర్వాత నేనూ ఒక ఇంటికి పోయాను, నా వంతు బరువులు నేనూ మోశాను. మోసే మనిషి నాకు బరువుగా ఉందని చెప్పదు. సాయం చెయ్యనా అని అడిగితే వద్దనే అంటుంది, నేనూ అట్లాగే అన్నాను. అందుకే ఎవరైనా అలసిపోయి కనబడితే నేను అడగను. మా చిన్న కోడలు జ్వరంతో వండుతుంటే పొయ్యి ఆర్పేసి వంటింటి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను, ఇంటిల్లిపాదీ ఆకలని అరిచినా లేవలేదు. మా అబ్బాయి వచ్చి గరిటె పట్టుకున్నాకే లేచాను. ఆ పిల్ల గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది. నా కోసం కూడా ఎవరైనా అట్లా అడ్డంగా కూర్చుంటే బాగుండునని చాలా ఏళ్లు ఎదురుచూశాను. ఎవరూ కూర్చోలేదు. అందరికీ ఒక పెద్దమ్మ దొరకాలని ఎక్కడుంది? ఇప్పుడు ఎదురుచూడడం మానేశాను. అలుపు వచ్చిన రోజు పని ఎక్కడిదక్కడ ఆపేసి నేనే కూర్చుంటున్నాను. ఇల్లు కాసేపు అరుస్తుంది, అరవనిస్తాను.